డబ్బా వెనక్కి తిప్పండి

రెండేళ్ల కిందట దసరా ముందు ఒక ఎగ్జిబిషన్‌లో ఓ క్రీము కొన్నాను. గాజు సీసా, చెక్క మూత, మెడకి జనపనార తాడు. ముందువైపు పసుపుకొమ్ము బొమ్మ, దాని కింద ‘100 శాతం ఆర్గానిక్ కస్తూరి పసుపు క్రీము’ అని ఆకుపచ్చ అక్షరాలు. ధర 650 రూపాయలు. “కెమికల్స్ ఏమీ ఉండవు మేడమ్, చంటిపిల్లలకి కూడా రాయొచ్చు” అంది స్టాల్లో అమ్మాయి. మా అమ్మాయికి అప్పుడప్పుడే మొటిమలు మొదలయ్యాయి. ఇంకేం అడగకుండా కొనేశాను.

వారం తిరక్కుండానే పిల్ల బుగ్గల మీద ఎర్రటి దద్దుర్లు. ఆ రాత్రి ట్యూబ్‌లైటు కింద కూర్చుని, సీసా వెనక చీమ తలకాయంత అక్షరాలు మొదటిసారి చదివాను. మొదటి పేరు నీళ్లు. రెండోది మినరల్ ఆయిల్. ఆ తర్వాత నాలుగైదు నోరు తిరగని పేర్లు, పెర్ఫ్యూమ్, దాని తర్వాత కస్తూరి పసుపు. చిట్టచివర ‘సీఐ 19140’. అదేమిటని వెతికితే టార్ట్రాజీన్ అనే కృత్రిమ రంగు అని తేలింది. అంటే ఆ క్రీము పచ్చగా కనిపించింది పసుపు వల్ల కాదు, రంగు వల్ల. నేను 650 రూపాయలు పోసి కొన్నది పసుపుకొమ్ము బొమ్మని.

దద్దుర్లు డాక్టరు గారిచ్చిన మందుతో తగ్గిపోయాయి. నా కోపం మాత్రం చాలా రోజులు తగ్గలేదు. అబద్ధం ముందువైపు పెద్ద అక్షరాల్లో ఉంది, నిజం వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉంది. రెండూ ఒకే సీసా మీద ఉన్నాయి. నేను తిప్పి చూడలేదు, అంతే. ఆ తిప్పి చూసే అలవాటు మీకు నేర్పడానికే ఈ అధ్యాయం.

‘ఆర్గానిక్’ అన్నది పొలం నుంచి వచ్చిన మాట

మొదట ఒక్క సంగతి మనసులో నాటుకోవాలి. ఆర్గానిక్ అనే మాట చెప్పేది పంట గురించి. పసుపుని రసాయన ఎరువులు, పురుగుమందులు లేకుండా పండించారా లేదా అన్నంతవరకే దాని పని. ఆ పసుపు మీ చర్మానికి పడుతుందా లేదా అన్నది ఆ మాట చెప్పదు.

దుగ్గిరాల దగ్గరో నిజామాబాద్ దగ్గరో ఒక రైతు పసుపు వేశాడనుకుందాం. పంట చేతికి రావడానికి ఎనిమిది, తొమ్మిది నెలలు పడుతుంది. ఆ పంటకి చట్టబద్ధంగా ‘సేంద్రియం’ అనే పేరు రావాలంటే ఒక్క పంటకాలం మందు కొట్టకపోతే సరిపోదు. మన దేశంలో 2001లో మొదలైన జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం కింద ఏటా వేసే పంటలకైతే సాధారణంగా రెండేళ్లు, తోటలకైతే మూడేళ్లు ఆ నేల రసాయనాలు మాని సేంద్రియంలోకి మారే దశలో ఉండాలి. తనిఖీలు జరగాలి, పుస్తకాలు రాయాలి. ఆ పసుపు కడిగి, ఉడికించి, ఆరబెట్టి, పొడి కొట్టేచోట మామూలు పసుపుతో కలవకుండా చూడాలి.

ఇంత కష్టం వెనక ఉన్న మాట అది. అందుకే ఎవరైనా దాన్ని సీసా మీద తేలిగ్గా అచ్చేస్తే, పొలంలో నిజంగా ఆ కష్టం పడ్డ రైతుకి కూడా అన్యాయం చేసినట్టే. ఇకనుంచి ‘ఆర్గానిక్’ అని కనిపించగానే మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇందులో ఏది ఆర్గానిక్? ఎంత శాతం? ఎవరు తనిఖీ చేశారు? ఈ మూడింటికీ జవాబు దొరికిన సరుకు నమ్మదగ్గది.

చుట్టాల్లా కనిపించే మాటలు

దుకాణంలో ఆర్గానిక్ పక్కనే మరికొన్ని మాటలు నిలబడి ఉంటాయి. అన్నీ ఒకే కుటుంబంలా కనిపిస్తాయి కానీ ఒక్కో దాని అర్థం వేరు.

నేచురల్ అంటే ప్రకృతి నుంచి వచ్చిందని. మందులు కొట్టి పండించిన కొబ్బరి నుంచి తీసిన నూనె కూడా నేచురలే. హెర్బల్ అంటే మూలికలు కలిశాయని. పిడికెడు కలిపినా చిటికెడు కలిపినా ఆ మాటే రాస్తారు. ఆయుర్వేద ఉత్పత్తులకి విడిగా లైసెన్సు ఉంటుంది, కానీ అందులో వాడిన మూలిక ఏ పొలంలో ఎలా పెరిగిందో ఆ లైసెన్సు చెప్పదు. ‘కెమికల్ ఫ్రీ’ అన్నది అసలు కుదరని మాట. నీళ్లు కూడా రసాయనమే, పసుపులోని కర్కుమిన్ కూడా రసాయనమే. ఆ మాట కనిపిస్తే జాగ్రత్తపడండి.

డబ్బా మీదుండే ఆకుపచ్చ చుక్క శాకాహారం గుర్తు. దాన్ని చూసి ఆర్గానిక్ అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ‘జంతువుల మీద పరీక్షించలేదు’ అని కొందరు గొప్పగా వేసుకుంటారు. మన దేశంలో సౌందర్య సాధనాలని జంతువుల మీద పరీక్షించడాన్ని 2014లోనే నిషేధించారు. చట్టం ఎలాగూ చేయొద్దన్న పనిని చేయలేదని చెప్పుకోవడం విశేషమేమీ కాదు.

ఇక అసలు చిక్కు ఒకటుంది. తిండి సరుకుల విషయంలో ఆర్గానిక్ అనే మాటకి మన దేశంలో చట్టం ఉంది. సౌందర్య సాధనాలకి 2020లో వచ్చిన నిబంధనల్లో మాత్రం ఆర్గానిక్ క్రీము అంటే ఇదీ అనే కొలత లేదు. అందుకే ఇక్కడ మాయ చేయడం సులువు, మనం కళ్లు తెరుచుకుని ఉండటం అవసరం.

వెనకవైపు చదివే పద్ధతి

చట్టం మనకొక మంచి ఆయుధం ఇచ్చింది. కలిపిన పదార్థాలన్నీ డబ్బా మీద రాయాలి. 1 శాతం కంటే ఎక్కువున్నవి, ఎక్కువ నుంచి తక్కువకి వరసలో రావాలి. 1 శాతం, అంతకంటే తక్కువ ఉన్నవి ఆ తర్వాత ఏ వరసలోనైనా రావచ్చు. ఈ ఒక్క నియమం తెలిస్తే సగం పరీక్ష పాసైనట్టే.

మొదటి ఐదు పేర్లు చూడండి. సీసాలో ఎక్కువ భాగం వాటిదే. ముందువైపు బొమ్మ వేసిన మూలిక ఈ ఐదింటిలో ఉందా? లేకపోతే ఎక్కడుంది?

తర్వాత ఫినాక్సీఇథనాల్ అనే పేరు వెతకండి. చాలా క్రీముల్లో కనిపించే నిల్వ పదార్థం ఇది. దీన్ని సాధారణంగా 1 శాతానికి మించి కలపరు. కాబట్టి దాని తర్వాత వచ్చే పేర్లు ఒక్కొక్కటీ 1 శాతానికి మించవు. కుంకుమపువ్వు, చందనం, గులాబీ లాంటి ఖరీదైన పేర్లు ఈ గీత దాటాక కనిపిస్తే, వాటిని వాసన చూపించారని అర్థం. 100 గ్రాముల డబ్బాలో 1 గ్రాము కూడా ఉండకపోవచ్చు.

పేర్లు లాటిన్‌లో ఉంటాయి కాబట్టి బెదిరిపోతాం. మన ఇంటి సరుకులే అవి, వేషం మార్చుకుని ఉంటాయి. కర్కుమా లాంగా అంటే పసుపు. కర్కుమా అరొమాటికా కస్తూరి పసుపు. మీలియా అజాడిరక్టా మన వేప. కోకోస్ న్యూసిఫెరా కొబ్బరి, సెసామమ్ ఇండికమ్ నువ్వులు, రిసినస్ కమ్యూనిస్ ఆముదం, అలో బార్బడెన్సిస్ కలబంద, శాంటాలమ్ ఆల్బమ్ చందనం. అక్వా అంటే ఉత్త నీళ్లు. పారఫినమ్ లిక్విడమ్ మినరల్ ఆయిల్, అంటే పెట్రోలియం నుంచి వచ్చింది. అది చర్మానికి విషమేమీ కాదు, కానీ ఏ పొలంలోనూ పండదు. ‘సీఐ’ తర్వాత అంకెలుంటే అది రంగు. ‘పెర్ఫ్యూమ్’ అనో ‘ఫ్రాగ్రెన్స్’ అనో ఒక్క మాటే ఉంటే, ఆ మాట వెనక పదులకొద్దీ పదార్థాలు ఉండొచ్చు. చర్మం త్వరగా కందేవాళ్లు దాని జోలికి పోకపోవడం మేలు.

నిజాయితీగల కంపెనీలు చాలావరకు ఇంకో పని చేస్తాయి. సేంద్రియ సాగు నుంచి వచ్చిన పదార్థం పేరు పక్కన చిన్న నక్షత్రం గుర్తు పెట్టి, అడుగున దాని అర్థం రాస్తాయి. మొత్తంలో ఎంత శాతం ఆర్గానిక్ అనేది కూడా అక్కడే వేస్తాయి. ఆ నక్షత్రాలు ఎన్ని పేర్ల పక్కన ఉన్నాయో లెక్కపెట్టండి.

ముద్రలు, వాటి లెక్కలు

క్రీములకి మన చట్టంలో కొలత లేదు కాబట్టి బయటి ప్రమాణాల మీద ఆధారపడాలి. వాటిలో మన మార్కెట్లోనూ కనిపించేది కాస్మోస్. ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీ, బ్రిటన్ దేశాలకి చెందిన ఐదు సంస్థలు కలిసి తెచ్చిన ప్రమాణం ఇది. ఈకోసర్ట్ వాటిలో ఒకటి.

కాస్మోస్‌లో రెండు ముద్రలున్నాయి. ‘కాస్మోస్ ఆర్గానిక్’ ముద్ర రావాలంటే, నూనె పిండటం, పొడి కొట్టడం లాంటి భౌతిక పద్ధతుల్లో తీసిన వ్యవసాయ పదార్థాల్లో కనీసం 95 శాతం సేంద్రియం అయ్యుండాలి. మొత్తం ఉత్పత్తిలో చూస్తే కనీసం 20 శాతం, షాంపూలా కడిగేసుకునేవాటిలో కనీసం 10 శాతం సేంద్రియం ఉండాలి. ‘కాస్మోస్ నేచురల్’ ముద్రకి ఈ సేంద్రియ శాతం షరతు లేదు. ఈకోసర్ట్ పేరు చూడగానే ఆగిపోకుండా, దాని పక్కన ఆర్గానిక్ అని ఉందా, నేచురల్ అని ఉందా చూడాలి.

20 శాతమేనా అని ఆశ్చర్యపోతున్నారా? నీళ్లే కారణం. ఒక లోషన్‌లో 100 గ్రాములకి 70 గ్రాములు నీళ్లే ఉన్నాయనుకుందాం. నీళ్లని ఎవరూ పండించరు కాబట్టి ఆర్గానిక్ లెక్కలోకి రావు. మిగిలిన 30 గ్రాముల్లోనే నూనెలు, చిక్కదనం ఇచ్చేవి, నిల్వ పదార్థాలు అన్నీ సర్దుకోవాలి. ఈ లెక్క అర్థమైతే, నీళ్లతో చేసిన క్రీము మీద ‘100 శాతం ఆర్గానిక్’ అని రాయడం ఎంత అసాధ్యమో తెలుస్తుంది. నేను కొన్న సీసాలో మొదటి పేరే నీళ్లు. ఆ ఒక్క మాటతోనే అబద్ధం బయటపడాల్సింది.

అమెరికా సరుకైతే యూఎస్‌డీఏ ఆర్గానిక్ ముద్ర ఉండొచ్చు. అది పంటలకి వాడే ప్రమాణమే. నీళ్లు, ఉప్పు తీసేసి లెక్కేస్తే కనీసం 95 శాతం సేంద్రియం ఉండాలి. 70 శాతం ఉన్నవాటి మీద ‘ఆర్గానిక్ పదార్థాలతో చేసినది’ అని రాసుకోవచ్చు కానీ ఆ గుండ్రటి ముద్ర వేయకూడదు. అమెరికాలో ఉన్న పిల్లలు పండక్కి తెచ్చే లోషన్ల మీద ఈ తేడా గమనించండి.

జీఎంపీ, ఐఎస్‌ఓ అని రాసినవి కర్మాగారం శుభ్రత, పద్ధతుల గురించి చెబుతాయి. అవి మంచివే, ఆర్గానిక్‌కి మాత్రం సాక్ష్యం కావు. ఇక కంపెనీ తనే గీయించుకున్న ఆకు బొమ్మ ఏ సాక్ష్యమూ కాదు. ముద్ర ఉన్నచోట తనిఖీ చేసిన సంస్థ పేరు ఉండాలి, ఆ సంస్థ జాబితాలో ఈ కంపెనీ పేరు ఉండాలి. ఫోన్లో ఐదు నిమిషాల పని.

సన్‌స్క్రీన్ విషయంలో మాత్రం ఆర్గానిక్ కోసం పట్టుబట్టకండి. ఎండని ఆపే జింక్ ఆక్సైడ్ ఖనిజం, పంట కాదు. రసాయన శాస్త్రంలో ‘ఆర్గానిక్ ఫిల్టర్లు’ అంటే కార్బన్ ఉన్న సమ్మేళనాలు. వాటికీ సేంద్రియ సాగుకీ ఏ సంబంధమూ లేదు. అక్కడ చూడాల్సింది ఎస్‌పీఎఫ్ అంకె, గడువు తేదీ.

నిల్వ పదార్థాన్ని తిట్టకండి

ఇడ్లీ పిండి బయట పెడితే ఒక్క రోజులో పులుస్తుంది. నీళ్లున్న క్రీము కూడా అంతే, సూక్ష్మజీవులకి విందు భోజనం. పైగా రోజూ వేలు ముంచుతాం. నిల్వ పదార్థం అస్సలు లేదని చెప్పే నీళ్ల క్రీము రెండేళ్ల గడువుతో అమ్ముతున్నారంటే అనుమానించాల్సిందే. కాస్మోస్ లాంటి కఠినమైన ప్రమాణాలు కూడా పొటాషియం సోర్బేట్, సోడియం బెంజోయేట్, బెంజైల్ ఆల్కహాల్ లాంటివాటిని అనుమతిస్తాయి. వాటి పేర్లు చూసి కంగారు పడకండి.

డబ్బా మీద మూత తెరిచిన గిన్నె బొమ్మ, అందులో 6 అనో 12 అనో అంకె కనిపిస్తుంది. తెరిచాక అన్ని నెలల్లో వాడేయాలని దానర్థం. తెరిచిన రోజే మూత మీద తేదీ రాసిపెట్టుకోండి.

ఆర్గానిక్ అయినా మండొచ్చు

నిమ్మకాయ పెరట్లో, ఏ మందూ లేకుండా కాసిందే కావచ్చు. ఆ రసం ముఖానికి రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కమిలి నల్లటి మచ్చలు పడొచ్చు. కలబంద మట్ట కోయగానే పచ్చటి జిగురు కారుతుంది. అది కొందరికి దురద పెడుతుంది. మట్టని కాసేపు నిలబెట్టి ఆ జిగురంతా కారిపోయాక, కడిగి లోపలి గుజ్జు తీసుకోవాలి.

సున్నిపిండిలో మనవాళ్లు వేసే బావంచాల సంగతి చాలామందికి తెలీదు. వాటిలో సోరాలెన్ అనే పదార్థం ఉంది. అది చర్మం మీద ఎండ ప్రభావాన్ని పెంచుతుంది. బొల్లికి డాక్టర్లు ఇదే గుణాన్ని, కొలత పెట్టి, వెలుగుతో కలిపి వాడతారు. అలాంటిదాన్ని కొలత లేకుండా ఒంటికి రాసుకుని ఎండలో తిరగడం క్షేమం కాదు. నేను ఇంట్లో సున్నిపిండికి బావంచాలు వేయడం మానేశాను.

అన్నిటికంటే ప్రమాదం తెల్లబరిచే క్రీములతో. చిరునామా, పదార్థాల జాబితా లేకుండా ‘హెర్బల్’ అని అమ్మేవాటిలో పాదరసం దొరికిన సందర్భాలున్నాయి. కేరళలోని మలప్పురం జిల్లాలో ఇలాంటి క్రీములు వాడినవాళ్లకి కిడ్నీ జబ్బు వచ్చిన కేసులు 2023లో బయటపడ్డాయి. వారంలో రంగు తేలుస్తామని చెప్పే ఏ డబ్బానీ ఇంట్లోకి రానివ్వకండి. మన రంగు మనకి జబ్బు కాదు, దానికి మందు అక్కర్లేదు.

కొత్తది ఏది కొన్నా ముందు మోచేతి మడతలో రూపాయి బిళ్లంత మేర రాసి చూడండి. రోజుకి రెండుసార్లు, వారం రోజులు. దురద, ఎరుపు లేకపోతేనే ముఖానికి. కడిగేసుకునేవైతే మామూలుగా ఎంతసేపు ఉంచుకుంటారో అంతసేపే ఉంచి కడగండి. చంటిపిల్లలకి, గర్భిణులకి, తామర ఉన్నవాళ్లకి వాడాలంటే చర్మ వైద్యుల్ని ముందే అడగండి.

కొనేటప్పుడు అడగాల్సినవి

ఈమధ్య ఒక చిన్న దుకాణంలో నువ్వుల నూనె సబ్బు చూశాను. “అమ్మా, ఇందులో ఆర్గానిక్ ఏది?” అని అడిగాను. “నువ్వుల నూనె ఒక్కటేనండి. కొబ్బరి నూనె మామూలుదే. సువాసనకి నిమ్మగడ్డి నూనె వేశాం, అది కూడా మామూలుదే” అందామె. సబ్బు తిప్పి చూపించింది. లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, చిరునామా, తయారీ తేదీ అన్నీ ఉన్నాయి. రెండు కొన్నాను. పూర్తిగా ఆర్గానిక్ కాదని నిజం చెప్పిన మనిషిని, పూర్తిగా ఆర్గానిక్ అని బొంకిన సీసా కంటే వందరెట్లు నమ్మొచ్చు.

మీరూ అడగండి. ఏది ఆర్గానిక్, ఎంత, ఎవరి సర్టిఫికెట్ అని. జవాబు చెప్పగలిగినవాళ్లు సంతోషంగా చెబుతారు. చిరాకు పడితే అదే జవాబు అనుకుని బయటికి రండి. ఆధారం లేకుండా ‘నేచురల్’, ‘ఆర్గానిక్’, ‘ప్యూర్’ లాంటి మాటలు పర్యావరణం పేరు చెప్పి వాడకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. మోసపోయామనిపిస్తే 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. బిల్లు, డబ్బా దాచుకోండి. నేను ఆ క్రీము కొన్న రోజు బిల్లు తీసుకోలేదు, అందుకే ఏమీ చేయలేకపోయాను.

వంటింటి దారి

ఇప్పుడు ఈ అధ్యాయంలో అన్నిటికంటే పనికొచ్చే మాట. పదార్థాలు ఎంత తక్కువగా ఉంటే నిజం తేల్చుకోవడం అంత తేలిక. ఇరవై పేర్ల క్రీముని నిగ్గు తేల్చడం కష్టం. ఒకే పేరున్న గానుగ నువ్వుల నూనెని తేల్చడం సులువు.

పైగా తిండి సరుకుకి చట్టం అండ ఉందని చెప్పుకున్నాం కదా. 2017 నాటి నిబంధనల ప్రకారం ఆర్గానిక్ తిండి సరుకుల మీద ప్రభుత్వ ఆర్గానిక్ ముద్ర వస్తుంది, తనిఖీ వివరాలుంటాయి. ఆ ముద్ర క్రీములకి రాదు. కానీ పెసలకి వస్తుంది, పసుపుకి వస్తుంది, నువ్వుల నూనెకి వస్తుంది. మన నలుగుకి కావాల్సినవి ఇవే కదా!

ఆ ముద్ర ఉన్న పెసలు అరకిలో ఎండబెట్టి, దోరగా కూడా వేయించకుండా మెత్తగా పట్టించండి. పసుపు పావు చెంచా చాలు. సన్న జల్లెడ పట్టి, తడి తగలని గాజు సీసాలో పోయండి. స్నానానికి ముందు నువ్వుల నూనె పట్టించుకుని, ఆ పూటకి కావాల్సినంత పిండే నీళ్లతో కలుపుకోండి. గట్టిగా రుద్దకుండా, మెల్లగా జారనిస్తూ కడిగేసుకోండి. తడి పిండి మర్నాటికి దాచకండి. సీసాలోని పొడి పిండికి నిల్వ పదార్థం అక్కర్లేదు, ఎందుకంటే అందులో నీళ్లు లేవు. పరిమళం అక్కర్లేదు, పెసర వాసన చాలు. మొటిమలున్న ముఖానికి మాత్రం నూనె పట్టించకండి, ఒంటికే ఉంచండి.

ఈ వారం పని

మీ స్నానాల గదిలో అరమీద ఉన్న ఐదు సీసాలు తీసి బల్ల మీద పెట్టండి. ఒక కాగితం మీద ఒక్కో దానికి నాలుగు సంగతులు రాయండి: ముందువైపు ఏం చెప్పారు, వెనక మొదటి ఐదు పేర్లు ఏమిటి, బొమ్మలో ఉన్న మూలిక ఎన్నో పేరు, ముద్ర ఉంటే ఎవరిది. రాశాక దేన్నీ పారేయకండి. మీకు పడుతున్నది ఆర్గానిక్ కాకపోయినా హాయిగా అయ్యేదాకా వాడుకోండి. అయిపోయాక, ఆ స్థానంలో ఏది తెచ్చుకోవాలో ఈ కాగితమే చెబుతుంది.

మా ఇంట్లో ఈ పని చేసింది మా అమ్మాయే. పదహారేళ్ల పిల్ల, ఇప్పుడు దుకాణంలో ఏ సీసా చేతికిచ్చినా ముందువైపు చూడదు. మొన్న నాతోపాటు బజారుకొచ్చి ఒక షాంపూ తిప్పి చదివి, “అమ్మా, ఉసిరి పదిహేడో పేరే” అని చెప్పి అరలో తిరిగి పెట్టేసింది.